యాప్‌లోనే లాస్‌లెస్ వస్తుంటే పాత సీడీలు ఫ్లాక్‌లోకి రిప్ చేయడం అవసరమా?

వేళచ్చేరి_శ్రోత:
అందరికీ నమస్కారం. మైలాపూర్ ఇల్లు ఖాళీ చేసి వేళచ్చేరి ఫ్లాట్‌కి మారుతున్నాం. నాన్నగారి సీడీలు రెండు బీరువాల నిండా ఉన్నాయి, సగం కర్ణాటక కచేరీలు, సగం పాత తెలుగు సినిమా పాటలు. అన్నీ రిప్ చేసి, అంటే కంప్యూటర్‌లోకి కాపీ చేసి, ఫ్లాక్‌లోకి (నాణ్యత ఏమీ పోకుండా పాటని కుదించే ఫైల్ ఫార్మాట్) ఎక్కించేద్దామని నా ఆలోచన, తమ్ముడేమో అన్నీ యాప్‌లో దొరుకుతుంటే ఈ చాకిరీ ఎందుకంటున్నాడు. మీరేమంటారు?

బాస్_ట్రెబుల్:
మీ తమ్ముడి మాటే కరెక్ట్ అండీ. ఆపిల్ మ్యూజిక్‌లో 2021 నుంచీ ఎక్స్‌ట్రా డబ్బులు లేకుండానే లాస్‌లెస్ (నాణ్యత తగ్గించని ఆడియో) వస్తోంది. ఒక్కో సీడీ పెట్టి తీసి, పేర్లు టైప్ చేసుకుంటూ కూర్చునే టైంలో హాయిగా వినొచ్చు. పైగా ఏది ఏదో చెప్పకుండా వినిపిస్తే 320 కేబీపీఎస్ ఎంపీ3కీ ఫ్లాక్‌కీ తేడా మనలో చాలామంది పట్టలేరు.

తంబూరా_శ్రుతి:
బాస్ గారూ, చివరి మాట ఒప్పుకుంటాను, బాగా చేసిన 320కి చెవి తేడా పట్టడం కష్టమే. కానీ ఫైల్ చిన్నది కావడానికి ఎంపీ3 కొంత ధ్వనిని వదిలేస్తుంది, అలా పోయింది పోయినట్టే, రేపు దాన్ని ఇంకో ఫార్మాట్‌కి మారిస్తే మళ్ళీ కొంత పోతుంది, అదే ఫ్లాక్ ఉంటే ఎప్పుడు ఏం కావాలన్నా అందులోంచి చేసుకోవచ్చు. చోటు కూడా పెద్ద సమస్య కాదు, 700 ఎంబీ సీడీ ఫ్లాక్‌లో ఇంచుమించు సగానికి దిగుతుంది, 1 టీబీ డిస్కులో రెండు వేలకి పైనే పడతాయి.

అన్నీ యాప్‌లో ఉన్నాయనేది సినిమా పాటల వరకు చాలామటుకు నిజం, కచేరీలకి కాదు. లైసెన్స్ అయిపోతే నిన్న విన్న ఆల్బమ్ ఇవాళ ఉండదు. ఇక సభల్లో రికార్డ్ చేసి ఎవరో రాసిచ్చిన సీడీ-ఆర్‌లు (కంప్యూటర్‌లో మనమే రికార్డ్ చేసుకునే సీడీలు) ఉంటాయి చూడండి, అవి ఏ యాప్‌లోనూ రావు. వాటిలో పాట ఉండేది రంగు పొరలో, వేడికీ వెలుతురుకీ ఆ రంగు వెలిసిపోతుంది, చెన్నై ఎండ సంగతి మీకు నేను చెప్పాలా! అందుకే ముందు అవి చెయ్యండి, దయచేసి వాయిదా వెయ్యకండి.

రిచీస్ట్రీట్_బాబు:
అన్నా, ఏ సాఫ్ట్‌వేర్ అయితే ఏముంది, ఫ్లాక్ అయితే చాలు కదా?

తంబూరా_శ్రుతి:
చాలదు తమ్ముడూ, అసలు కిటుకంతా అక్కడే ఉంది. గీత పడ్డచోట డ్రైవ్ సరిగ్గా చదవలేకపోతే పక్క శాంపిల్స్ (క్షణక్షణం తీసిన ధ్వని కొలతలు) చూసి అంచనా వేసి పూడ్చేస్తుంది, ఫ్లాక్ ఆ తప్పునే పదిలంగా దాచిపెడుతుంది. విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ, మ్యాక్‌లో ఎక్స్‌ఎల్‌డీ వాడు. ఆక్యురేట్‌రిప్ ఆన్ చేస్తే అదే సీడీ రిప్ చేసినవాళ్ళ చెక్‌సమ్‌లతో (డేటా నుంచి లెక్కగట్టే గుర్తు సంఖ్యలు) నీది పోల్చి చెప్తుంది. చిన్న లేబుళ్ళ కచేరీ సీడీలు ఆ డేటాబేస్‌లో లేకపోతే టెస్ట్ అండ్ కాపీ పెట్టు, రెండుసార్లు చదివి సీఆర్‌సీ (అదీ ఒక రకం చెక్‌సమే) కలిసిందా లేదా చూపిస్తుంది. ఒకే డ్రైవ్ ఒకే తప్పు రెండుసార్లు చేసే ఛాన్స్ కూడా ఉంది కాబట్టి అపురూపమైనవి వేరే డ్రైవ్‌లో ఇంకోసారి.

ఇంకోటి, అందరూ మెరిసే వైపే జాగ్రత్తగా చూసుకుంటారు. నిజానికి అల్యూమినియం పొర ఉండేది లేబుల్ కిందే, అటువైపు గీత లోతుగా పడితే అక్కడ పాట పోయినట్టే. తుడిచేటప్పుడు గుండ్రంగా తిప్పకుండా మధ్య నుంచి అంచుకి తుడవాలి.

బాస్_ట్రెబుల్:
సీడీ-ఆర్‌ల సంగతి ఒప్పుకుంటున్నా. సినిమా పాటలకి మాత్రం ఇంత అక్కర్లేదనే అంటాను. పైగా కర్ణాటక సీడీలకి ఆన్‌లైన్లో వచ్చే ట్రాక్ పేర్లు ఘోరం, అవన్నీ దిద్దుకుంటూ కూర్చునేదెవరు?

తంబూరా_శ్రుతి:
దిద్దాల్సిందే, దానికి అడ్డదారి లేదు. ఫ్లాక్‌లో మనకి నచ్చిన ట్యాగ్ (ఫైల్‌లోనే రాసిపెట్టే వివరం) పెట్టుకోవచ్చు, రాగం, తాళం, వాగ్గేయకారుడు అని విడివిడిగా. తెలుగు లిపిలోనే పెట్టండి, ఇంగ్లీషులో తోడి రాగం పేరుకి ఒకడు హెచ్ పెడతాడు ఇంకొకడు పెట్టడు, వెతికితే సగమే వస్తాయి. రాగం తానం పల్లవిని మూడు ట్రాకులుగా కోసిన సీడీల్లో ఇంకో తేడా కూడా తెలుస్తుంది, కొన్ని ప్లేయర్లలో ఎంపీ3 అయితే తానం అయిపోయి పల్లవి ఎత్తుకునే చోట తంబూరా ఒక్క క్షణం తెగుతుంది. గ్యాప్‌లెస్ (ట్రాకుల మధ్య ఖాళీ రాకుండా వాయించే సదుపాయం) ఉన్న ప్లేయర్‌లో ఫ్లాక్ అయితే ఆ శ్రుతి అలాగే సాగుతుంది. నాకు అది చాలా ముఖ్యం.

వేళచ్చేరి_శ్రోత:
అర్థమైందండీ. సినిమా సీడీలు అట్టపెట్టెల్లో పెట్టి కొత్తింటికి పంపిస్తున్నా, రాసిచ్చిన డిస్కులు మాత్రం వేరు చేసి ఇవాళ్టి నుంచే మొదలుపెడతాను. రిప్ అయ్యాక ఒరిజినల్స్ అమ్మేద్దామనుకున్నా, ఉంచాలా?

తంబూరా_శ్రుతి:
ఉంచండి. హార్డ్ డిస్క్ ఎప్పుడు పోతుందో చెప్పలేం. ఫైల్స్ రెండో కాపీ ఇంకో డిస్కులో పెట్టి తమ్ముడి ఇంట్లో ఉంచండి.