అప్‌డేట్: మిర్చి డ్రైయర్‌కి గ్రాంట్ అడిగిన నేనే

కళ్లంలో టార్పాలిన్ పట్టాల మీద ఎండే మిర్చికి సోలార్ డ్రైయర్ చేశాను, వ్యవసాయ స్టార్టప్‌లకు సాయం చేసే కేంద్ర ప్రభుత్వ పథకం ఆర్‌కేవీవై రఫ్తార్ కింద డబ్బు వస్తుందా, కంపెనీ పెట్టాలా అని మొన్న వేసవిలో అడిగాను. నేరుగా పెద్ద గ్రాంట్‌కి వెళ్లొద్దని కొందరు ముందే హెచ్చరించారు, విన్లేదు.

నేరుగా 25 లక్షల దాకా ఇచ్చే సీడ్ (వ్యాపారం మొదలుపెట్టే) దశకే వెళ్లాను. దానికి రిజిస్టరైన సంస్థ ఉండాలి, నాకు లేదు. సరే, 5 లక్షల లోపు ఇచ్చే ఐడియా దశకు మారాను. అక్కడ కమిటీ మేడమ్ అడిగింది ఒక్కటే: "తేమ ఎన్ని గంటల్లో ఎంతకు దిగింది?" నా దగ్గర ఫొటోలున్నాయి, అంకెల్లేవు! డ్రైయర్ రంగు గురించి పది నిమిషాలు చెప్పినవాణ్ణి, ఆ ప్రశ్నకు నోరు పెగల్లేదు.

తిరస్కరించారు. న్యాయమే అనిపించింది.

ఇప్పుడు తేమ మీటర్ కొని, బాబాయి పొలంలో పట్టా మీద సగం, డ్రైయర్‌లో సగం కాయ పోసి, రోజుకు మూడుసార్లు రాస్తున్నాను. రంగు పోయిన తాలు కాయలు విడిగా తూస్తున్నాను, ధర తెగ్గోసేది అవే కాబట్టి. రాత్రి మంచుకు పట్టా మీది కాయ మళ్లీ తేమ పీల్చుకోవడం అంకెల్లో చూశాకే నమ్మాను. బాబాయి మాత్రం "ఇది నాకెప్పుడో తెలుసురా" అంటున్నాడు.

ఈలోగా అదే పథకంలోని రెండు నెలల శిక్షణకు ఎంపికయ్యాను, నెలకు 10,000 స్టైపెండ్. సోమవారం చేరుతున్నా.