పది ముర్రా గేదెలతో డెయిరీ పెడితే గిట్టుబాటు అవుతుందా?

సత్తుపల్లి_రెండెకరాలు:

అందరికీ నమస్కారం. మాది సత్తుపల్లి దగ్గర పల్లెటూరు. హైదరాబాద్‌లో ఒక గోడౌన్‌లో పని చేస్తున్నాను, జీతం 28 వేలు. అద్దె, ఖర్చులు పోతే చేతిలో ఏమీ మిగలడం లేదు. ఊళ్లో బోరున్న రెండెకరాల పొలం ఉంది, అమ్మ ఒక్కతే ఉంటోంది. పది ముర్రా గేదెలు కొని డెయిరీ పెడదామనుకుంటున్నాను. బ్యాంకులో 10 లక్షలు అడిగితే ఐదేళ్లకు నెలకు 22 వేల ఈఎంఐ పడుతుందన్నారు. పనిమనిషికి 15 వేలు. వీడియోల్లో మాత్రం పది గేదెలకు నెలకు లక్ష మిగులుతుందంటున్నారు. నిజంగా చేస్తున్నవాళ్లు చెప్పండి. ఉద్యోగం మానాలా వద్దా అని ఇంట్లో ఒకటే టెన్షన్.

జనుముచేను:

తమ్ముడూ, మాది తెనాలి వైపు. నాకు నాలుగు గేదెలు. పద్నాలుగేళ్లుగా రెండు పూటలా నేనే పిండుతున్నాను. మా అబ్బాయి నోటుబుక్కుల్లో మిగిలిపోయిన కాగితాల్లో ప్రతి పూటా పాలు, దాణా, మందులు రాసి పెడతాను. అందులోంచి మా గౌరి అనే గేదె పోయిన ఈత లెక్క, అంటే ఈనినప్పటి నుంచి మళ్లీ ఈనేదాకా లెక్క చెబుతాను, నువ్వే చూసుకో.

ఈనిన కొత్తలో పూటకు ఐదు లీటర్లు ఇచ్చింది. నాలుగో నెల దాటాక రోజుకు ఏడుకు, చివర్లో మూడుకు దిగింది. 300 రోజుల్లో మొత్తం 1,950 లీటర్లు. వెన్న ఏడు శాతం దగ్గర మాకు సగటున లీటరుకు 58 రూపాయలు పడింది. అంటే 1,13,100. ఇక్కడిదాకా చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది.

ఇప్పుడు ఖర్చు. పాలిచ్చే రోజుల్లో సగటున ఐదు కిలోల దాణా, కిలో 28 చొప్పున 42,000. మళ్లీ ఈనేదాకా పాలివ్వకుండా ఒట్టిపోయి ఉన్నది 150 రోజులు, అప్పుడు కూడా రెండు కిలోలు పెట్టాలి, అది 8,400. మందులు, మినరల్ మిక్చర్, ఇన్సూరెన్స్, చూలు కట్టించే సూదులకు 6,000. పోగా మిగిలింది 56,700. ఈతకూ ఈతకూ మధ్య 15 నెలలు పట్టింది కాబట్టి నెలకు 3,780. ఇందులో గడ్డి ఖర్చు వేయలేదు, నా కూలి వేయలేదు. మాది మాగాణి. వరి కోతకు ముందే చేలో మేతకు జనుము, పిల్లిపెసర చల్లుతాం, ఎండుగడ్డి వామి వేసుకుంటాం. కోత మిషన్లు వచ్చాక గడ్డి నలిగి చేలోనే పోతోంది, అందుకని ఇప్పుడు బేలర్‌తో కట్టలు కట్టిస్తున్నాం.

నీకు బోరుంది కాబట్టి పచ్చిగడ్డి పండించుకుంటావు. ఎండుగడ్డి కొనాల్సిందే. రోజుకు ఆరు కిలోలంటే 15 నెలలకు 2,700 కిలోలు. కిలో ఐదు రూపాయలకు దొరికినా గేదెకు 13,500, నెలకు 900. పది గేదెలకు నా లెక్క ప్రకారం నీకు వచ్చేది 37,800. అందులో ఈఎంఐ 22 వేలు, పనిమనిషికి 15 వేలు, గడ్డికి 9 వేలు. నెలకు 8,200 నువ్వే చేతి నుంచి వేసుకోవాలి. షెడ్డు ఇంకా కట్టనే లేదు.

లాభం పాల రేటులో ఉందని అందరూ అంటారు. నా పుస్తకం చూస్తే అది ఒట్టిపోయిన రోజుల్లో ఉంది. ఇదే గౌరి అంతకు ముందు ఈతలో 18 నెలలకు గానీ ఈనలేదు. పాలు ఇంచుమించు అంతే. కానీ మూడు నెలలు ఊరికే మేపినందుకు ఇంకో 5,040 పోయి, మిగిలినదాన్ని 18తో భాగిస్తే నెలకు 2,870 పడింది. ఆ సంవత్సరం ఎద, అంటే చూలు కట్టే అదను, రెండుసార్లు దాటిపోయింది. రాత్రిపూట వచ్చింది, నేను గమనించలేదు. అది గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇంకొకటి, కొనేటప్పుడు జాగ్రత్త. నా మొదటి గేదెను సంతలో పొదుగు చూసి కొన్నాను. నరాలు తేలి, నాలుగు చన్నులూ దూరదూరంగా విచ్చుకుని, చెయ్యి వేస్తే రాయిలా ఉంది. పూటకు ఆరు లీటర్లన్నారు. మర్నాడు పొద్దున మా ఇంట్లో గిన్నె పెడితే రెండున్నర. ముందు రోజు ఒక పూట పిండకుండా ఎగ్గొట్టి సంతకు తోలారని అప్పుడు అర్థమైంది. మంచి పొదుగు పిండాక తడిగుడ్డలా జారిపోవాలి. పిండాక కూడా గట్టిగా ఉందంటే అది పాలు కాదు, కండ.

గోపాలమిత్ర_12:

అక్క చెప్పిన ఎద సంగతి నూటికి నూరు పాళ్లు నిజం. గేదెల్లో మూగ ఎద (బయటికి కనిపించని ఎద) ఎక్కువ, ఆవులా అరిచి గోల చేయవు. ఎండాకాలంలో అయితే అసలే తెలియదు. రాత్రి పడుకోబోయే ముందు, తెల్లవారుజామున ఒకసారి తోక కింద చూడండి. జిగురు తీగలు గాజులా తెల్లగా సాగుతుంటే ఎదే. పొద్దున కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున సూది వేయించాలి. 21వ రోజు మళ్లీ చూడాలి. తిరిగి ఎదకు రాలేదు కదా అని చూలు నిలిచిందనుకోవద్దు, మూడో నెలలో డాక్టరుతో పరీక్ష చేయించండి. ఈనిన మూడు నెలల్లోపు చూలు కడితే, మోసేది పది నెలల పది రోజులు కాబట్టి 13 నెలలకు మళ్లీ దూడ. పెయ్యదూడలే ఎక్కువగా పుట్టే సూదులు కూడా ఇప్పుడు వస్తున్నాయి. దూడకు పదో రోజున నట్టల (కడుపులో పురుగుల) మందు మరిచిపోవద్దు. గేదె దూడలు ఆ నట్టలతో చాలా పోతాయి.

పలమనేరు_ఆవులు:

మా వైపు అందరివీ హెచ్.ఎఫ్. (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకరజాతి ఆవులే. లీటర్లు ఎక్కువ, వెన్న మూడున్నర నాలుగు శాతం, రేటు తక్కువ. ఎదకు సరిగ్గా వస్తాయి, అదొక్కటి సుఖం. ఎండకు మాత్రం తట్టుకోలేవు. 2022లో లంపీ చర్మవ్యాధి వచ్చినప్పుడు మాకు ఒక ఆవు పోయింది. ఒళ్లంతా గడ్డలు, మేత ముట్టలేదు, పదకొండో రోజున పడిపోయింది. ఇన్సూరెన్స్ నంబరున్న చెవిపోగు ఊడకుండా ఉండడం వల్ల ఇన్సూరెన్స్ వచ్చింది. పోగు ఊడితే ఆ రోజే చెప్పి కొత్తది వేయించుకోండి.

సత్తుపల్లి_రెండెకరాలు:

అక్కా, మీ లెక్క అమ్మకు చదివి వినిపించాను. "నేను మొదటినుంచీ చెబుతున్నది ఇదే" అంది. మరి రెండు గేదెలతో మొదలుపెడితే ఉద్యోగం మానకుండా కుదురుతుందా? ముర్రా గేదెలను హర్యానా నుంచి లారీలో తెప్పిస్తామని ఒకాయన అంటున్నారు.

జనుముచేను:

కుదురుతుంది తమ్ముడూ, అమ్మగారికి ఓపిక ఉంటేనే. రెండు గేదెలంటే పేడ, కుడితి, గడ్డి, పాలు అన్నీ కలిపి రోజుకు నాలుగు గంటల పని. పండగైనా జ్వరమైనా ఆగేది కాదు. ఆవిడ "చేస్తాను" అంటే కాదు, "చేయగలను" అంటేనే కొను.

హర్యానావి మంచివే, కాదనను. కానీ అన్ని రోజులు లారీలో నిలబడి వచ్చి, నీళ్లు మారి, మేత మారి, మన ఎండకు సగం పాలు తగ్గించేస్తాయి. అలవాటు పడేదాకా నీ అప్పు ఆగదు. మీ చుట్టుపక్కల ఊళ్లలోనే రెండో ఈత గేదెను చూడు. రెండూ ఒకేసారి కొనకు. ఆరు నెలల తేడాతో కొంటే ఒకటి ఒట్టిపోయినప్పుడు రెండోది పాలిస్తుంది, దాని దాణా ఇది సంపాదిస్తుంది.

అంతకంటే ముందు ఈ వానలకే అర ఎకరంలో సూపర్ నేపియర్ గడ్డి కణుపులు నాటించు. మొదటి కోతకు రెండున్నర నెలలు పడుతుంది. ఆ తర్వాతే గేదె. చూడ్డానికి వెళ్లేటప్పుడు సాయంత్రం వెళ్లి ఒక పూట పిండించు, రాత్రి ఆ ఊళ్లోనే ఉండి పొద్దున ఇంకో పూట, సాయంత్రం మూడో పూట. మూడోసారి గేదె దగ్గర అమ్మగారిని కూర్చోబెట్టు. కొత్త చేతికి కూడా చేపితే, అంటే పాలు వదిలితే, బేరం ఆడు.