పవర్ స్టీరింగ్ పీకేసి మాన్యువల్ చేసుకోవడం: రోజూ రోడ్డు మీద తిరిగే బండికి ఇది సరైన పనేనా?

పాతహ్యాచ్:
అందరికీ నమస్తే. నాది 90ల నాటి చిన్న హ్యాచ్‌బ్యాక్, బరువు వెయ్యి కేజీల లోపే, హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్. పంపు దగ్గర ఆయిల్ కారుతోంది, హై ప్రెషర్ హోస్ కూడా ఎప్పుడు చూసినా తడిగానే ఉంటోంది. ఒకసారి సీల్స్ మార్పించా, ఏడాది తిరక్కుండానే మళ్లీ మొదలు. అందుకని పంపు, రిజర్వాయర్, హోసులు అన్నీ తీసేసి, ర్యాక్ (స్టీరింగ్ తిప్పుడుని ముందు చక్రాలకి అందించే పళ్ల బార్ ఉన్న భాగం) మీదున్న రెండు ఆయిల్ పోర్టుల్ని చిన్న పైపుతో కలిపేసి మాన్యువల్‌గా వాడుకుందామని చూస్తున్నా. బరువు తగ్గుతుంది, కారే బాధ ఉండదు, రోడ్డు చేతికి బాగా తెలుస్తుంది అంటున్నారు. ఇది రోజూ తిరిగే బండి, ట్రాక్ బండి కాదు. చేసినవాళ్లు, చేసి మళ్లీ వెనక్కి మార్చుకున్నవాళ్లు, అసలొద్దనేవాళ్లు అందరూ చెప్పండి, ఈ వారంలో తేల్చుకోవాలి.

మూలమలుపు:
చెయ్యి అన్నా. నేను నా మొదటి తరం మాజ్దా ఎంఎక్స్-5 (చిన్న స్పోర్ట్స్ బండి)కి చేసి మూడేండ్లయింది, ఒక్క రోజు కూడా ఎందుకు చేసిన్నా అనిపించలేదు. పార్కింగ్‌ల బరువే, కాదనను, కానీ బండి కొంచెం కదిలినంక తిప్పితే చాలు, నిలబెట్టి తిప్పే అలవాటు మానుకోవాలె అంతే. అసలు మజా మూలల్ల ఉంటది. ముందు టైరు పట్టు పోయే ముందే స్టీరింగ్ తేలికవుతది, ఎందుకంటే చక్రాన్ని సాపు చేసే బలం టైరు పూర్తి పట్టు అందుకోకముందే తగ్గుడు మొదలుపెడ్తది. పవర్ స్టీరింగ్‌ల అది కలిసిపోయి తెల్వదు, మాన్యువల్‌ల మాత్రం చేతికి చెప్పినట్టే తెలుస్తది. స్పోర్ట్స్ బండ్లు చూడు, ఫెరారీ ఎఫ్40కి పవర్ స్టీరింగ్ లేదు, మెక్‌లారెన్ ఎఫ్1కి లేదు, లోటస్ ఎలీస్‌కి లేదు, 2013ల వచ్చిన ఆల్ఫా రోమియో 4సీకి కూడా లేదు. 911కి 1989ల 964 అనే తరంతోని పవర్ స్టీరింగ్ పెట్టిన పోర్షే వాళ్లే, దాన్ని తేలికగా చేసిన ఆర్ఎస్ మోడల్‌ల మళ్లా తీసేసిన్రు. ఊరికెనే తీయరు కదా.

ర్యాక్‌పని:
మూలమలుపు బ్రదర్ చెప్పిన ఫీల్ నిజమే, కానీ పాతహ్యాచ్ గారు చేద్దామనుకుంటున్న పనితో ఆ ఫీల్ రాదు. నేను స్టీరింగ్ ర్యాక్‌లు విప్పి బాగుచేసే పనిలో ఉన్నాను, ఈ పైపు కలిపిన ర్యాక్‌లు నా బల్ల మీదికి చాలా వచ్చాయి కాబట్టి కాస్త వివరంగా చెప్తా.

మొదటిది రేషియో, అంటే స్టీరింగ్ ఎన్ని డిగ్రీలు తిప్పితే చక్రం ఒక డిగ్రీ తిరుగుతుంది అన్నది. సహాయం ఉంటుందని తెలిసే కంపెనీ పవర్ ర్యాక్‌ని వేగంగా చేస్తుంది, అంటే తక్కువ చుట్లకే చక్రాలు పూర్తిగా తిరుగుతాయి. మీరు చెప్పిన ఎంఎక్స్-5లోనే పవర్ ర్యాక్ సుమారు 15:1, కంపెనీ మాన్యువల్ ర్యాక్ సుమారు 18:1. అంటే పంపు తీసేసి పవర్ ర్యాకే వాడితే, కంపెనీ మాన్యువల్ బండి కంటే అయిదో వంతు ఎక్కువ బలం పెట్టాలి, అదీ మిగతావన్నీ సమానమైతేనే.

మిగతావి సమానం కావు, అదే రెండోది. పవర్ ర్యాక్ లోపల బార్ మీద ఒక పిస్టన్ ఉంటుంది, దాని చుట్టూ సీలు. మీరు తిప్పిన ప్రతిసారీ ఆ పిస్టన్ ఒక పక్కనున్న ఆయిల్‌ని ఇంకో పక్కకి నెట్టాలి. ఇక్కడ చాలామంది పొరపాటు పడేది ఏంటంటే, ర్యాక్‌కి నాలుగు పోర్టులుంటాయి, పంపు వైపు రెండు, సిలిండర్ వైపు రెండు. పంపు వైపు రెండూ కలిపితే ఆయిల్, ఏ పక్కకి పోవాలో చూసే వాల్వ్‌లోని సన్నటి దారుల్లోంచే వెళ్లాలి, తొందరగా తిప్పితే గట్టిగా అడ్డుకుంటుంది. సరిగ్గా అత్యవసరంగా తిప్పాల్సిన టైములోనే ఎక్కువ బరువవుతుంది, గమనించండి.

మూడోది ఎవరూ చెప్పరు, నాకు బాగా బాధగా ఉండేది కూడా ఇదే. స్టీరింగ్ కాలమ్‌కీ పినియన్‌కీ (ర్యాక్‌ని కదిపే చిన్న పళ్ల చక్రం) మధ్య ఒక సన్నటి టార్షన్ బార్ ఉంటుంది. మీరు తిప్పితే అది కొద్దిగా మెలిపడుతుంది, ఆ మెలికే వాల్వ్‌ని తెరిచి ఏ పక్కకి ప్రెషర్ పంపాలో చెప్తుంది. పంపు లేనప్పుడు ఆ మెలిక వట్టి వదులు (ప్లే) అయిపోతుంది. ముందు కొన్ని డిగ్రీలు రబ్బరు తిప్పినట్టుంటుంది, తర్వాత లోపల ఆగే చోటు తగులుతుంది, అప్పుడు చక్రం కదులుతుంది. పంపు పాడైనా బండి తిరగాలని పెట్టిన ఏర్పాటు అది, ఏళ్ల తరబడి రోజూ దాని మీదే బరువు మోపడానికి కాదు. స్పష్టత కోసం చేసిన మార్పులో స్పష్టతే పోతుంది.

రోజూనడిపే:
నేను చేసి వెనక్కి మార్చినవాణ్ణి. సెడాన్, 1200 కేజీల పైన, ముందు 205 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు. పంపు పోయిందని బెల్ట్ తీసి లూప్ చేసి (మీరన్నట్టే పోర్టులు పైపుతో కలిపి) ఆరు నెలలు తిప్పాను. హైవే మీద ఏ ఇబ్బందీ లేదు, 30 దాటాక తేడానే అంతగా తెలియలేదు. కానీ రోడ్డు బండి బతుకంతా హైవే మీద ఉండదు కదా. ఒకసారి యూ-టర్న్‌లో సగం తిరిగాక ఎదురుగా వచ్చేవాడు అనుకున్నదానికంటే స్పీడుగా వస్తున్నాడు, ఇంకొంచెం తిప్పితే ఒకే ఊపులో తిరిగిపోతుంది, ఆ ఇంకొంచెమే నా చేతుల్లో రాలేదు. నేను ఆగాను, ఆయన ఆగారు, ఏమీ కాలేదు. కానీ అదే బండి మా అమ్మగారు కూడా నడుపుతారు, ఆవిడకి భుజం నొప్పి, ఆ రోజు ఆవిడ ఉండుంటే అన్న ఆలోచన నన్ను రాత్రంతా పడుకోనివ్వలేదు. వారంలో పంపు మళ్లీ పెట్టించేశాను. మీ బండి మీరొక్కరే నడుపుతారా? ముందు అది చెప్పండి.

మూలమలుపు:
అన్నా మీ బాధ సమజైంది, కానీ మీది 205 టైర్ల సెడాన్, బరువెక్కువ, పైగా లూప్ చేసిన ర్యాక్. నేను లూప్ చెయ్యలే. ర్యాక్ విప్పి పిస్టన్ సీల్ తీసేసిన, ఆయిల్ ఖాళీ చేసి గ్రీజు పెట్టిన, టార్షన్ బార్ ఆడకుండ వెల్డ్ చేయించిన. ర్యాక్‌పని అన్న చెప్పిన రెండో సమస్య, మూడో సమస్య రెండూ పోయినయ్. రేషియో వేగంగనే ఉంటది, నాకు అదే ఇష్టం.

ర్యాక్‌పని:
సీల్ తీసి గ్రీజు పెట్టడం వరకు మంచి పని, ఒప్పుకుంటా. వెల్డింగ్ దగ్గరే నేను ఆగిపోతాను. పినియన్ షాఫ్ట్ గట్టిపరచిన స్టీలు. దాని మీద వెల్డ్ పెడితే ఆ వేడికి పక్కనున్న చోటు పెళుసవ్వచ్చు లేదా మెత్తబడచ్చు, పైకి చూస్తే ఏమీ తెలియదు. బాగా చేసినవీ ఉన్నాయి, ఏళ్లుగా నడుస్తున్నవీ ఉన్నాయి, మీది కూడా అలాంటిదే అయ్యుండొచ్చు. కానీ ఇంజిన్‌లో వెల్డ్ విరిగితే బండి ఆగుతుంది, స్టీరింగ్‌లో విరిగితే బండి ఆగదు. వేరొకరి బండికి నా చేత్తో ఆ పని చేయను.

కొలతలమనిషి:
ఇక్కడ ఎవరూ నిబంధనల అంకెలు పెట్టలేదు కాబట్టి రెండు చెప్తాను. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 79వది స్టీరింగ్ గురించే. ప్యాసింజర్ కారు 10 కిలోమీటర్ల స్పీడులో వెళ్తూ, సాపు నుంచి 12 మీటర్ల వ్యాసార్థం మలుపులోకి 4 సెకన్లలో తిరగాలి, చేతి బలం 150 న్యూటన్లు దాటకూడదు, అంటే దాదాపు 15 కేజీల లాగుడు. పవర్ పోయినప్పుడు 300 న్యూటన్ల దాకా ఒప్పుకుంటారు, మలుపు కూడా 20 మీటర్లకి పెంచుతారు. అంటే పవర్ పోయిన బండికి పెట్టిన లెక్క ఇంటికి లేదా గ్యారేజీకి చేరుకోవడానికి సరిపోయేది, రోజూ అలాగే తిప్పమని కాదు. లూప్ చేసిన బండి ఎప్పుడూ ఆ రెండో లెక్కలోనే బతుకుతుంది.

మూలమలుపు గారు చెప్పిన బండ్ల గురించి ఒక మాట. ఎఫ్40, ఎఫ్1, ఎలీస్, 4సీ అన్నిటికీ ఇంజిన్ మధ్యలో, 911కి వెనక. ముందు చక్రాల మీద బరువు తక్కువ. పైగా మొదటి నాలుగింటి స్టీరింగ్ జామెట్రీ మొత్తం మాన్యువల్‌కే లెక్కేసి చేశారు. క్యాస్టర్ (ముందు చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) ఎక్కువుంటే బండి సాపుగా పోతుంది, కానీ తిప్పడానికి బరువు, పవర్ స్టీరింగ్ ఉన్న బండికి ఆ కోణం ధారాళంగా ఇస్తారు. మీరు పంపు తీసేస్తారు, ఆ కోణం మాత్రం అలాగే ఉంటుంది. బయటికి పొడుచుకొచ్చే వెడల్పు వీల్స్ కూడా వేసి ఉంటే ఇంకా కష్టం, గుంత తగిలిన ప్రతిసారీ స్టీరింగ్ చేతిని కొడుతుంది, అంతకుముందు ఆ దెబ్బని ఆయిల్ మింగేది.

కొత్తవాడిని:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి, నా బండికి ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్. ఫ్యూజ్ తీసేస్తే మాన్యువల్ అయిపోతుంది అన్నాడు ఫ్రెండ్, నిజమేనా?

ర్యాక్‌పని:
దయచేసి తీయకండి. మోటారు గేర్లతో కలిసే ఉంటుంది, కరెంటు లేకపోయినా దాన్ని మీరే తిప్పాలి. ఫీల్ రాదు, బరువొకటే వస్తుంది. పైగా ఆ స్టీరింగ్ సెన్సర్ల మీద ఆధారపడి బండి జారకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ లాంటివి పనిచేసే బండ్లున్నాయి, అవి కూడా దెబ్బతినొచ్చు.

పాతహ్యాచ్:
అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా వస్తుందనుకోలేదు. నిన్న సాయంత్రం పంపు బెల్ట్ తీసి ఖాళీ మైదానంలో అరగంట నడిపి చూశా. నా అదృష్టం, నా ఇంజిన్‌లో పంపుకి బెల్ట్ విడిగా ఉంది, ఆల్టర్నేటర్‌కీ వాటర్ పంపుకీ వేరే బెల్ట్, ఒకటే బెల్ట్ ఉన్న బండ్లలో ఇలా ఊరికే తీసేయొద్దని ఎవరైనా చదివితే గుర్తుపెట్టుకోండి. ర్యాక్‌పని గారు చెప్పిన రబ్బరు ఫీలింగ్ ఉందే, అచ్చంగా అదే, కొద్దిగా తిప్పితే ఏమీ జరగదు, తర్వాత ఒక్కసారిగా బరువు తగులుతుంది. నెమ్మదిగా ఎనిమిది ఆకారంలో తిప్పుతుంటే నాలుగో రౌండుకే చేతులు పట్టేశాయి. ఒక చివర నుంచి ఇంకో చివరకి చుట్లు లెక్కపెట్టా, మూడు కూడా లేవు. లూప్ ఆలోచన అక్కడే వదిలేశా.

రోజూనడిపే గారూ, బండి ఎక్కువగా నేనే నడుపుతా, అప్పుడప్పుడు మా చెల్లి. ఒక సంగతి ఏంటంటే ఇదే మోడల్ బేస్ వేరియంట్‌కి కంపెనీ నుంచే మాన్యువల్ ర్యాక్ వచ్చేది. అది దొరికితే చేయడం కరెక్టేనా, లేక ఈ పవర్ సిస్టమ్‌నే బాగుచేయించుకోవడం మేలా?

రోజూనడిపే:
నా ఓటు ఇప్పటికీ బాగుచేయించుకోవడానికే. సీల్స్ మార్చినా ఏడాదికే కారిందంటే సీల్ వెనకున్న కారణం ఎవరో చూడలేదని అర్థం. షాఫ్ట్ గీసుకుపోయి ఉంటుంది, లేదా పాత ఆయిల్ కడగకుండా అందులోనే కొత్తది పోసుంటారు, లేదా హోసే లోపల పాడై ముక్కలు పంపులోకి వస్తూ ఉంటాయి. పంపు, హోసు, ఆయిల్ మూడూ ఒకేసారి మార్చి గాలి సరిగ్గా తీస్తే ఏళ్లపాటు ముట్టుకోనక్కర్లేదు. పది కేజీల అటూ ఇటూ బరువు కోసం, సాపుగా పోయేటప్పుడు పంపు తినే కొద్దిపాటి పవర్ కోసం ఇంత పని అవసరమా?

మూలమలుపు:
బరువు కోసం కాదన్నా, చేతికి తెలిసే దాని కోసం. ఆయన బండి వెయ్యి కేజీల లోపే, కంపెనీ ర్యాకే ఉన్నదంట, అంటే ఆ బరువుకి ఆ ర్యాక్ సరిపోతదని కంపెనీ ఇంజనీర్లే చూసి అమ్మిన్రు. ఇంతకన్న భద్రమైన దారి ఏముంటది? వెల్డింగ్ గురించి ర్యాక్‌పని అన్న చెప్పింది నేను కూడా మనసుల పెట్టుకున్న. ఈ నెల ర్యాక్ దించి ఆ అతుకు మీద పగుళ్లు బయటపెట్టే రంగు (డై) పోసి చూపిస్త.

ర్యాక్‌పని:
మంచి నిర్ణయం బ్రదర్, చూపించండి.

పాతహ్యాచ్ గారూ, కంపెనీ మాన్యువల్ ర్యాక్ అయితే నాకు అభ్యంతరం లేదు, రోడ్డు బండికి నేను ఒప్పుకునే మార్పు అదొక్కటే. కానీ ర్యాక్ ఒక్కటే కొని తెచ్చుకోకండి. కాలమ్ కింది జాయింట్ పళ్లు పినియన్‌కి సరిపోతాయో లేదో చూసుకోండి, చాలా బండ్లలో అవి వేరు. మౌంటింగ్ బుష్‌లు, క్లాంపులు ఆ ర్యాక్‌వే తీసుకోండి. ర్యాక్ కూర్చునే ఎత్తు కొంచెం మారినా బంప్‌ల మీద చక్రం తనంతట తనే తిరుగుతుంది, అది బల్ల మీద తెలియదు, రోడ్డు మీదే తెలుస్తుంది. పాత పంపు లేదా హోస్ మీద చిన్న ప్రెషర్ స్విచ్ ఉండొచ్చు, స్టీరింగ్ తిప్పినప్పుడు ఐడిల్ పెంచమని ఇంజిన్‌కి చెప్పేది, ఆ వైరు కనెక్టర్‌ని నీళ్లు పోకుండా మూసి కట్టండి, వేలాడనివ్వొద్దు. పని అయ్యాక అలైన్‌మెంట్ తప్పనిసరి. మీ దగ్గర ఇలాంటి మార్పు రాతపూర్వకంగా నమోదు చేయించాలా, ఇన్సూరెన్స్‌కి చెప్పాలా అన్నది ముందే కనుక్కోండి.

పాతహ్యాచ్:
అయితే ర్యాక్ వెతకడం మొదలుపెడతా. దొరికే దాకా హోస్ మార్పించి ఇలాగే నడుపుతా. పవర్ భాగాలన్నీ పారేయకుండా పెట్టెలో దాస్తా, మా చెల్లికి బరువనిపిస్తే మళ్లీ పెట్టేస్తా, అందులో మొహమాటం లేదు. ఒక్క డౌటు, ర్యాక్ వేశాక క్యాస్టర్ కూడా తగ్గించుకోవాలా?

కొలతలమనిషి:
వెంటనే వద్దు. ముందు బేస్ వేరియంట్‌కి కంపెనీ ఇచ్చిన క్యాస్టర్, టైరు సైజు ఎంతో చూడండి, మీ బండిలో అవే ఉంటే ముట్టుకోకండి. వెడల్పు టైర్లు ఉంటే కంపెనీ సైజుకి రండి, గాలి సరిగ్గా ఉంచండి, చిన్న స్పోర్ట్ స్టీరింగ్ వేసి ఉంటే పాత పెద్దది పెట్టుకోండి, 350 మిల్లీమీటర్ల నుంచి 380కి వెళ్తేనే దాదాపు 8 శాతం తేలికవుతుంది. అవన్నీ చేశాక కూడా బరువుంటే అప్పుడు క్యాస్టర్ అర డిగ్రీ తగ్గించి, మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను సాపుకి వస్తోందో లేదో చూడండి. రాకపోతే వెనక్కి పెట్టేయండి.