ఫాంటసీ ఫుట్‌బాల్ ప్రైవేట్ లీగ్‌లో మార్పిడులకు ఏ నియమం పెట్టాలి?

మేము పదిమంది స్నేహితులం ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఆధారంగా డ్రాఫ్ట్ పద్ధతిలో, అంటే వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకుంటూ, ప్రైవేట్ లీగ్ పెట్టుకుంటున్నాం. నిజమైన మ్యాచ్‌లలో ఆ ఆటగాళ్లు ఆడినదాన్ని బట్టి మాకు పాయింట్లు వస్తాయి. నిర్వహణ నా నెత్తిన పడింది. ఒక ఆటగాడు ఒక్క జట్టుకే సొంతం, జట్టుకు 15 మంది. ఎంపిక వరుస మొదటి రౌండులో 1 నుంచి 10, రెండో రౌండులో 10 నుంచి 1. ఇంతవరకు పేచీ లేదు.

పేచీ అంతా మార్పిడుల దగ్గరే. పోయినసారి అట్టడుగున ఉన్న ఒకాయన గెలుపు ఆశ వదులుకుని, తన స్ట్రైకర్‌ను తన బావమరిదికి ఇచ్చి, బదులుగా మైదానంలోకే దిగని డిఫెండర్‌ను తీసుకున్నాడు. కప్పు ఆ బావమరిదికే దక్కింది. ఆ తర్వాత నెల రోజులు మాలో మాటల్లేవు!

ప్రతి మార్పిడికీ నా ఆమోదం కావాలందామంటే, నేనూ పోటీదారునే. ఓటింగు పెడితే అసూయతో న్యాయమైన వాటినీ అడ్డుకుంటారు. సీజన్‌లోని 38 గేమ్‌వీక్‌లలో (మ్యాచ్‌ల రౌండ్లలో) 28వది దాటాక మార్పిడులు ఆపేస్తే సరిపోతుందా? మాది హెడ్ టు హెడ్ (ప్రతి గేమ్‌వీక్‌లో ఇద్దరిద్దరు తలపడే పద్ధతి) కాబట్టి, మధ్యలో జట్టును గాలికొదిలేసినవారి వల్ల ప్రత్యర్థికి 3 పాయింట్లు ఊరికే వస్తాయి. దానికేమైనా మందు ఉందా? ఇలాంటి లీగ్ నడిపినవారు మీరు పెట్టుకున్న నియమాలు చెప్పగలరా?