ఎండాకాలం అడవిలో ట్యాంకర్ నీళ్లు: మేలా, కీడా?

నల్లమద్ది:
ఎండలు ముదరగానే నల్లమలలో కృష్ణకు రెండు వైపులా, ఇటు నాగార్జునసాగర్-శ్రీశైలం, అటు అమ్రాబాద్ టైగర్ రిజర్వుల్లో, సాసర్ పిట్లు (జంతువులు తాగడానికి సాసర్ ఆకారంలో కట్టిన సిమెంటు తొట్లు) నింపడానికి ట్యాంకర్లు తిరుగుతాయి. ఆ ఫొటోలు చూసి అందరూ మెచ్చుకుంటారు. నాకు మాత్రం అది సగానికి సగం చేటు చేసే పని అనిపిస్తుంది.

నీళ్లు ఎక్కడ పోస్తే మేత అక్కడ అయిపోతుంది. దుప్పులకు ఎండాకాలం దాదాపు రోజూ నీళ్లు కావాలి. నీటికి దూరమని అవి వదిలేసిన గట్టు మీది గడ్డి, పక్కన ఒక పిట్ కట్టగానే మే నెలకల్లా బోడి అవుతుంది. నీళ్లు లేకున్నా రోజుల తరబడి నెట్టుకొచ్చే చింకారా అనే చిన్న జింక లాంటి వాటికి అక్కడ ఇంక మిగిలేదేముంది?

దక్షిణాఫ్రికా క్రూగర్ పార్కు ఉత్తర భాగంలో ఇదే జరిగింది. బోర్లు వేసి నీళ్లు పెట్టారు. కరువు రాగానే జీబ్రాలు దిగాయి, వాటి వెనకే సింహాలు. రోన్ అనే అరుదైన జింక 1986లో 450 దాకా ఉండేది, 1993 నాటికి 45కు పడిపోయింది. తర్వాత వాళ్లే ఆ బోర్లు మూసుకుంటూ వచ్చారు.

కణుజుకొమ్ము:
క్రూగర్ లెక్క క్రూగర్‌ది అండీ. మన దగ్గర అడవి అంచున వాగుల్ని బోర్లూ పొలాలూ పీల్చేశాయి. లోపల మిగిలిన మడుగుల్లో పశువులు దిగుతాయి. నీళ్ల కోసం బయటికొచ్చిన కణుజుకు ఎదురయ్యేది గట్టు లేని దిగుడుబావి, పందులకని పెట్టిన కరెంటు తీగ, ఊరకుక్కలు. మనం లాక్కున్న నీళ్లు మనమే తిరిగి పోస్తున్నాం. దాన్ని చేటు అంటే ఎలా?

తొట్టిమేస్త్రి:
ఇద్దరూ పోయాలా వద్దా అంటున్నారు. ఎలా పోస్తున్నారన్నది ఎవరూ అడగట్లేదు.

పిట్ 3 మీటర్ల వెడల్పు, నడిమధ్యన 45 సెంటీమీటర్ల లోతు అనుకోండి. అంచు నుంచి నడిమికి తిన్నగా వాలితే వెయ్యి లీటర్ల పైచిలుకు పడుతుంది. మే ఎండలో రోజుకు 8 మిల్లీమీటర్లు ఆవిరైనా, నిండుగా ఉన్నప్పుడు 55 లీటర్లకు పైగా గాల్లో కలుస్తాయి, ఏ జంతువూ మూతి పెట్టకుండానే. పగులుంటే ఆ లెక్కా ఉండదు.

వాలు నిటారుగా పెడితే దుప్పి పిల్లలు, ఉడుములు, తాబేళ్లు దిగి ఎక్కలేవు. కట్టేసిన పిట్ అలా ఉంటే ఒక పక్క గరుకు రాళ్లు మెట్లుగా పేర్చండి. కొత్త సిమెంటు నీళ్లు ఘాటుగా ఉంటాయి. రెండు వారాలు తడిపి, రెండుసార్లు నింపి పారబోశాకే జంతువులకు వదలాలి.

అసలు తప్పు పైపైన నింపడం. అడుగున ఆకు, పేడ, పంది బురద కుళ్లుతుంటే దాని మీదే కొత్త నీళ్లు పోస్తారు. ఆకుపచ్చ రంగు పులిమినట్టు తెట్టు కట్టిందంటే అది విషపు నాచు కావచ్చు. 2020లో బోట్స్వానాలో 300కు పైగా ఏనుగులు చనిపోతే, నీటి గుంటల్లోని అలాంటి నాచు విషమే కారణమని అక్కడి ప్రభుత్వం చెప్పింది. ప్రతిసారీ అడుగంటా తోడి, కొబ్బరి పీచుతో రుద్ది, కడిగాకే నింపాలి. సబ్బు, బ్లీచింగ్ వద్దు. ఊరి చెరువు నీళ్లు అసలే వద్దు, గుర్రపుడెక్క ముక్కలు వెంట వస్తాయి.

నల్లమద్ది:
పిట్ పక్కనే జంతువులు నాకడానికి ఉప్పు గడ్డ కూడా పెడతారు, అది రాయలేదు మీరు. నీళ్లూ ఉప్పూ ఒక్కచోట ఉంటే వేటగాడు అడవంతా తిరగనక్కర్లేదు. పురుగుమందు కలపడానికీ అదే చోటు. ఇంకొకటి: ఏప్రిల్‌లో మొదలుపెట్టి మేలో డీజిల్ బిల్లు ఆగిందని ట్యాంకర్ మానేస్తే, ఆ నీటికి అలవాటు పడ్డ మంద ఎటు పోవాలి?

తొట్టిమేస్త్రి:
ఉప్పు మాట ఒప్పుకుంటా. కనీసం అర కిలోమీటరు ఎడం ఉండాలి.

చెలమనీళ్లు:
ఇసుక వాగుల సంగతి మరిచారు. వాగు పైకి ఎండినా ఇసుక కింద నీరుంటుంది. నీటిమట్టం రెండడుగులు దిగిందంటే ఎండ దాన్ని పెద్దగా లాగలేదు. పందులు, ఎలుగులు తవ్వుకుని తాగేది అవే. మనం చేయాల్సింది కొంచెమే: వాగుకు అడ్డంగా రాతి పొర తేలిన చోట, దానికి ఎగువన మీటరు లోతు చెలమ తవ్వి, ఒక పక్క జంతువులు సులువుగా దిగేలా మెల్లని వాలుగా వదలడం. ఇసుక కూలితే వారానికోసారి తీయాలి. చెంచులకు ఏ మలుపులో ఊట ఉంటుందో తెలుసు, వాళ్లని అడిగి తవ్వితే వట్టిపోయే గుంతలు తగ్గుతాయి. వాగు పైభాగంలో మోకాలెత్తు రాతికట్టలు వరసగా వేస్తే, పై ఏడాది ఊట ఇంకొన్నాళ్లు నిలుస్తుంది. సిమెంటు అక్కర్లేదు.

కణుజుకొమ్ము:
వాగులే లేని పీఠభూమి మీద?

చెలమనీళ్లు:
అక్కడ చిన్న సోలార్ బోరు, నీరు నిండగానే ఆగే బంతి వాల్వుతో. ట్యాంకర్ కంటే నయం, దారి తొక్కుడూ తగ్గుతుంది. కానీ నల్లమద్ది గారి మేత మాట అక్కడే ఎక్కువ వర్తిస్తుంది. అందుకే ఒకదానికొకటి 4, 5 కిలోమీటర్లైనా ఎడం ఉండాలి.

కణుజుకొమ్ము:
సరే, ట్యాంకర్ పిట్లలో ముందు ఏవి మానాలి? రోడ్డు పక్కవేగా? సఫారీ జీపులు ఆగేది అక్కడే, ఎవరు మాననిస్తారు!

నల్లమద్ది:
అవే ముందు మానాలి. కాకపోతే ఎండాకాలం నడుమ కాదు. జూలై వానలకు వాగులు పారాక పిట్ పగలగొట్టి మట్టి నింపేయండి. ఉత్తగా వదిలేస్తే మళ్లీ మార్చిలో ఎవరో ఒకరు ట్యాంకర్ తెస్తారు.