లేత గీత కనిపించింది, అమ్మకి ఫొటో పంపనా?

రెడింగ్ నుంచి, కొత్తగా వచ్చిన అమ్మాయి:

అందరికీ నమస్తే. మాది హైదరాబాద్‌లో కేపీహెచ్‌బీ. మా ఆయన ఏప్రిల్ నుంచి ఇక్కడ ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉన్నారు. నేను వినాయక చవితి మర్నాడు ఫ్లైట్ ఎక్కాను, వచ్చి మూడు వారాలు. నాకు పీసీఓఎస్ (అండం సమయానికి విడుదల కాని సమస్య) ఉంది. పీరియడ్స్ మామూలుగా 35 రోజులకోసారి, ఒక్కోసారి 40 కూడా దాటుతుంది. ఈసారి 35 దాటి ఆరు రోజులైంది. హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న ప్రెగ్నెన్సీ కిట్లలో రెండు వాడేశాను. నిన్న సాయంత్రం చేస్తే ఒక్క గీతే వచ్చింది. ఈ రోజు పొద్దున చేసినప్పుడూ ఒక్కటే అనుకుని పక్కన పెట్టేశాను. టీ తాగి వచ్చి చూస్తే రెండో గీత ఉందా లేదా అన్నట్టు లేతగా ఉంది. మా ఆయన లేదంటారు, నాకు మాత్రం కనిపిస్తోంది. జీపీకి (ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్‌కి) ఫోన్ చేస్తే రక్తపరీక్ష అక్కర్లేదు, ఇంట్లోనే ఇంకోసారి చేసుకోండి అన్నారు. అమీర్‌పేటలో అయితే ఈపాటికి రిపోర్టు చేతిలో ఉండేది. ఆ గీత ఫొటో తీసి పెట్టుకున్నాను. అమ్మకి పంపనా?

నిజాంపేట నుంచి, ఇదివరకు లెస్టర్‌లో ఉన్న అక్క:

చెల్లీ, ముందు ఆ ఫొటో ఎవరికీ పంపకు.

నేను లెస్టర్‌లో కాపురం పెట్టిన కొత్తలో సరిగ్గా ఇదే చేశాను. టెస్ట్ చేసి, లేదనుకుని చెత్తబుట్టలో పడేశాను. గంట తర్వాత మనసాగక తీసి కిటికీ దగ్గర వెలుతురులో తిప్పి చూస్తే బూడిద రంగులో సన్నటి గీత. అమ్మకి వాట్సాప్‌లో పెట్టాను. అమ్మ మా అత్తయ్యకి చెప్పింది. సాయంత్రానికి వరంగల్‌లో మా ఆడపడుచు అత్తగారి దాకా వెళ్లింది. మూడో రోజు పీరియడ్ వచ్చింది. అసలు ఏమీ లేదు అత్తయ్యా, నేనే తప్పు చూశాను అంటే నమ్మరే! "పోనీలే అమ్మా, తొలిచూలు నిలవకపోతే దిగులు పడకు" అని నెలరోజులు ఓదార్చారు. రాని కడుపు పోయిందని మా వాళ్లంతా తీర్మానించేశారు. ఇప్పటికీ మా పెద్దదాన్ని చూసి "దీనికి ముందు ఒకటి పోయింది" అనేవాళ్లున్నారు మా ఇంట్లో.

టీ తాగొచ్చి చూశాను అన్నావు కదా, చిక్కంతా అక్కడే. మన కిట్‌కి ఎక్కువగా ఐదు నిమిషాలు టైం ఇస్తారు. లోపల కాగితంలో ఎంత సేపటికి చదవమని ఉంటే అంత సేపటికే చదవాలి. పది నిమిషాలు దాటాక మూత్రం ఆరిపోతుంటే రెండో గీత ఉండాల్సిన చోట రంగు లేని మరకలాంటి చార ఒకటి తేలుతుంది. అది లెక్కలోకి రాదు. నిజమైన గీత ఎంత లేతగా ఉన్నా దానికి రంగు ఉంటుంది. పక్కన సి (కిట్ పనిచేసిందని చూపే గీత) దగ్గర గులాబీ రంగైతే టి (ఫలితం గీత) దగ్గరా గులాబీ రంగే, పై నుంచి కింద దాకా అంతే వెడల్పు. టైం లోపల అలా కనిపిస్తే మాత్రం ఎంత పలచనైనా అది పాజిటివే. "సగం పాజిటివ్" అనేది లేదు. మరి నీది ఐదు నిమిషాల్లో వచ్చిందా, ఆరాక వచ్చిందా? నీకే తెలియదు. అందుకే ఆ టెస్ట్‌ని లేనట్టే అనుకో.

నిన్న సాయంత్రందీ లెక్క కాదు. ఎందుకో చెప్తాను. ఈ కిట్ కడుపులో బిడ్డ ఉందా లేదా అని చూడదు. హెచ్‌సీజీ అనే హార్మోన్ మూత్రంలో ఒక మోతాదు దాటిందా లేదా అని మాత్రమే చూస్తుంది. ఎక్కువ కిట్లకి ఆ మోతాదు 25 యూనిట్లు, కొన్నిటికి ఇంకా తక్కువ. పిండం గర్భసంచికి అతుక్కున్నాకే ఆ హార్మోన్ మొదలవుతుంది, అది అండం విడుదలయ్యాక 6 నుంచి 12 రోజుల మధ్య ఎప్పుడైనా కావచ్చు. తర్వాత రెండు మూడు రోజులకోసారి రెట్టింపు అవుతూ పోతుంది. ఈ రోజు 15 ఉందనుకో, కిట్ లేదంటుంది. రెండు రోజులాగితే 30 అవుతుంది, అదే కిట్ అవునంటుంది. కిట్ అబద్ధం చెప్పలేదు, మనమే ముందు అడిగాం. పైగా సాయంత్రం దాకా నీళ్లు, టీలు తాగాక మూత్రం పలచబడి ఉన్న కాస్త హార్మోన్ కూడా అందదు.

ఇంకో మాట. ఆరు రోజులు లేటు అని 35తో లెక్కేశావు. నీకు 40 దాటడం కూడా మామూలే అన్నావు. పైగా ఇల్లు మారావు, దేశం మారావు, నిద్ర టైం మారింది. అలాంటప్పుడు అండం విడుదలే వెనక్కి పోతుంది, దాంతో పాటు డేట్ కూడా. నీలాంటి వాళ్లకి క్యాలెండర్ లెక్క వదిలేసి, కలిసిన రోజు నుంచి 21 రోజులు లెక్కపెట్టమంటారు. చివరిసారి కలిసిన రోజు నుంచి 21 రోజులు దాటాక కూడా నెగటివ్ వస్తే దాదాపు లేనట్టే. మీరిద్దరూ మళ్లీ ఒక చోట చేరిందే మూడు వారాల కింద. అంటే కడుపు పడి ఉన్నా గీత ఇంకా కనపడకపోవచ్చు. ఇప్పుడు లేదని వచ్చినా తేలిపోయినట్టు కాదు.

కాబట్టి రెండు రోజులాగు. రాత్రి పడుకునే ముందు సీసాల కొద్దీ నీళ్లు తాగకు. పొద్దున లేవగానే మొదటి మూత్రం శుభ్రమైన పేపర్ కప్పులో పట్టు. మీ ఆయనది నైట్ షిఫ్ట్ అయి నువ్వూ తెల్లవార్లూ మేలుకుంటే, ఎక్కువసేపు పడుకుని ఎప్పుడు లేస్తావో అప్పటిదే మొదటిది. కవరు అప్పుడే చింపు. ముందే చింపి బాత్రూమ్ చెమ్మలో పెడితే పాడవుతుంది. కార్డు బల్ల మీద చదునుగా పెట్టి, డ్రాపర్ నిట్టనిలువుగా పట్టుకుని గుంటలో మూడు చుక్కలు, ఒకటొకటిగా. బుడగ వస్తే అది చుక్క కాదు. గీతలొచ్చే కిటికీ మీద పొరపాటున కూడా పడనీయకు. ఫోన్‌లో టైమర్ పెట్టుకుని అక్కడే కూర్చో. సి దగ్గర గీత రాకపోతే ఆ కార్డు పనిచేయలేదని అర్థం, నెగటివ్ అని కాదు. కవరు మీద ఎక్స్‌పైరీ కూడా చూడు. మా మెడికల్ షాప్ అబ్బాయి కిట్ అడిగితే చాలు, న్యూస్‌పేపర్‌లో చుట్టి, నల్ల కవర్లో వేసి, తల తిప్పుకుని ఇస్తాడు. ఆ హడావుడిలో తేదీ ఎవరు చూస్తారు?

పంచదార, టూత్‌పేస్ట్, ఉప్పు టెస్టులని వీడియోలొస్తుంటాయి. వాటికి హెచ్‌సీజీతో ఏ సంబంధమూ లేదు. పంచదార టీలో వేసుకో.

ఒక్కటి మాత్రం రెండు రోజులు ఆగకూడదు. పొత్తికడుపులో ఒక పక్క గట్టిగా నొప్పి, భుజం చివర నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, వీటితో రక్తం కనపడటం. ఇవి ఉంటే టెస్ట్ పాజిటివ్ అయినా, లేతగా ఉన్నా, అసలు చేయకపోయినా వెంటనే 999 (అక్కడి అంబులెన్స్ నంబర్) కొట్టాలి లేదా ఎమర్జెన్సీకి వెళ్లాలి. గర్భం ట్యూబులో నిలిచినా గీతలు రెండే వస్తాయి. ఎక్కడుందో కిట్ చెప్పలేదు.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి, ల్యాబ్‌లో పనిచేసే తమ్ముడు:

అక్క చెప్పింది కరెక్ట్. అమీర్‌పేట రిపోర్టు గురించి ఒక మాట. ఇక్కడ డాక్టర్ చీటీ లేకుండానే వచ్చి బీటా హెచ్‌సీజీ రక్తపరీక్ష చేయించుకుంటారు. 5 లోపు ఉంటే లేదని, 25 దాటితే ఉందని, మధ్యలో ఉంటే మళ్లీ రమ్మని చెప్తాం. ఆ మళ్లీ వచ్చేది కూడా 48 గంటల తర్వాతే. అంటే ఇక్కడున్నా మీరు ఆ రెండు రోజులూ ఆగాల్సిందే. ఒక్క నంబర్ చూసి ఎన్ని వారాలో చెప్పమంటారు చాలామంది. ఒకే వారంలో ఉన్న ఇద్దరి నంబర్లలో ఎన్నో రెట్లు తేడా ఉంటుంది, అది చూసి బెంగ పెట్టుకోవద్దు.

పిల్లల కోసం ట్రీట్‌మెంట్‌లో హెచ్‌సీజీ ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లు రెండు వారాల దాకా ఇంట్లో టెస్ట్ చేయకండి, ఆ మందే పాజిటివ్ చూపిస్తుంది. అబార్షన్, డెలివరీ అయ్యాక కూడా కొన్ని వారాలు గీత వస్తుంటుంది. యాంటీబయాటిక్స్, గర్భనిరోధక మాత్రల వల్ల మాత్రం తప్పు రాదు.

స్లౌ నుంచి వదిన:

నీ దగ్గర కిట్లు అయిపోతే ఇక్కడ సూపర్‌మార్కెట్లో రెండు మూడు పౌండ్లకే దొరుకుతాయి. ఇక్కడివి ఎక్కువగా పుల్లల్లా ఉంటాయి, డ్రాపర్ ఉండదు, ధార కింద కొన్ని సెకన్లు పట్టడమే. అది ఇబ్బందనిపిస్తే కప్పులో పట్టి ముంచొచ్చు, ఎన్ని సెకన్లో కాగితం చూసుకో. నాకైతే నీలం గీతలవి నచ్చవు, లేతగా వస్తే తేల్చుకోలేం. గులాబీవి తీసుకో. డబ్బు దండగ అనుకుంటే కొన్ని సెక్సువల్ హెల్త్ క్లినిక్‌లలో ఉచితంగా చేస్తారు. పేరు చూసి భయపడకు, అక్కడ ఎవరూ ఏమీ అనుకోరు.

పాజిటివ్ వస్తే ఎవరూ మళ్లీ రక్తం తీసి నిర్ధారించరు. నీ మాటే రిపోర్టు. నేరుగా మిడ్‌వైఫ్‌కి, అంటే కాన్పు చూసుకునే ఆవిడకి, ఆన్‌లైన్‌లో ఫారం పెట్టుకోవచ్చు. మొదటి స్కాన్ 11 నుంచి 14 వారాల మధ్య. హైదరాబాద్‌లోలా ఆరో వారానికే గుండె చప్పుడు వినిపించే అలవాటు ఇక్కడ లేదు. ఆ రెండు నెలలు నేను గోళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను. వీసాతో పాటు హెల్త్ సర్‌ఛార్జ్ (ఇక్కడి ప్రభుత్వ వైద్యానికి ముందే కట్టే రుసుము) కట్టే వచ్చావు కాబట్టి బిల్లు గురించి బెంగ వద్దు. ఇంగ్లిష్‌లో ఇబ్బందైతే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడుగు, డబ్బు తీసుకోరు.

ప్రయత్నంలో ఉన్నారు కాబట్టి టెస్ట్ ఏదొచ్చినా ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాములది ఈ రోజే మొదలుపెట్టు. షుగర్ ఉంటే ఎక్కువ డోస్ కావాలి, డాక్టర్ని అడగాలి. థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంటే గీత రాగానే జీపీకి చెప్పు, దానికి మాత్రం స్కాన్ దాకా ఆగకు.

రెడింగ్ నుంచి, కొత్తగా వచ్చిన అమ్మాయి:

అక్కా, ఈ రోజు పొద్దున చేశాను. టైమర్ మోగక ముందే, మూడో నిమిషంలో వచ్చింది. గులాబీ రంగే. లేతగానే ఉంది కానీ ఈసారి మా ఆయనకి కూడా కనిపించింది. ఫొటో పంపలేదు.

కానీ ఇంకో చిక్కు. మిడ్‌వైఫ్ ఫారంలో చివరి పీరియడ్ ఎప్పుడని అడిగారు. అది నాకు బాగా గుర్తు, వరలక్ష్మీ వ్రతం రోజే. పీటల మీద కూర్చోలేకపోయానని అత్తయ్య చాలా నొచ్చుకున్నారు. ఆ తేదీ వేస్తే ఆరు వారాల గర్భిణి అని వచ్చింది. మా ఆయన అది చూసి ఏమీ అనలేదు. కాసేపాగి "నువ్వొచ్చి మూడు వారాలే కదా" అన్నారు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. తేదీ మార్చి రాయనా?

నిజాంపేట నుంచి అక్క:

మార్చకు. నిజమే రాయి. మీ ఆయన్ని ఈ పోస్టు చదవమను.

గర్భం వయసు ఎప్పుడూ చివరి పీరియడ్ మొదటి రోజు నుంచే కడతారు. ఇక్కడ గాంధీ ఆసుపత్రిలోనైనా, అక్కడైనా అదే లెక్క. అంటే అసలు కడుపు పడక ముందు రోజులు కూడా కలిపేస్తారు. 28 రోజుల వాళ్లకే రెండు వారాలు ఎక్కువ చూపిస్తుంది. నీది 35, 40 రోజుల సైకిల్ కాబట్టి ఇంకా ఎక్కువ. వ్రతం నుంచి చవితికి ఇరవై రోజులు అటూ ఇటూ, నువ్వు అక్కడ దిగేటప్పటికి నీకు ఇంకా అండమే విడుదల కాలేదన్నమాట. ఆరు వారాలలో మూడు వారాలు కేపీహెచ్‌బీలో ఉత్త క్యాలెండర్ మీద గడిచినవి. ఫారంలో సైకిల్ 35 నుంచి 40 రోజులని తప్పకుండా రాయి. స్కాన్‌లో బిడ్డ పొడవు కొలిచి డేట్ సరిచేస్తారు, బహుశా వారం పైనే వెనక్కి జరుపుతారు. అప్పుడు బిడ్డ ఎదగలేదేమోనని కంగారు పడకు. వారాలు చూపించే డిజిటల్ పుల్ల కొన్నా గందరగోళమే. అది కడుపు పడ్డప్పటి నుంచి లెక్కేస్తుంది, డాక్టర్ లెక్కకి దానికి రెండు వారాలు తేడా ఉంటుంది.

అమ్మకి చెప్పాలనిపిస్తే ఇప్పుడు చెప్పు. ఎన్నో నెల అని అడిగితే స్కాన్ అయ్యాక చెప్తానను. లేకపోతే మీ అత్తయ్య వ్రతం దగ్గర నుంచి వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెడతారు.