ప్రవర్తనా మనోవిజ్ఞాన ల్యాబ్‌లో డిగ్రీ విద్యార్థిగా సహాయకుని పని: "కోడింగ్" అంటే ఏమిటి, చేరేముందు ఏమి అడగాలి?

ప్రశ్న

నేను మనోవిజ్ఞాన శాస్త్రంలో డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్నాను. మా విభాగంలోని ప్రవర్తనా పరిశోధన ల్యాబ్ వారు పరిశోధన సహాయకులుగా డిగ్రీ విద్యార్థులను తీసుకుంటామని ప్రకటించారు. వారానికి 10 గంటల చొప్పున కనీసం రెండు సెమిస్టర్లు పనిచేయాలట. జీతం ఉండదు కానీ, కోరుకున్నవారు ఆ పనిని క్రెడిట్ల కింద నమోదు చేసుకోవచ్చు. చేయవలసిన పనులుగా వీడియో కోడింగ్, పాల్గొనేవారితో సెషన్లు నడపడం, డేటా నమోదు అని మూడు మాటలు మాత్రమే రాశారు. నాకు ప్రోగ్రామింగ్ రాదు, గణాంక శాస్త్రంలో మార్కులు కూడా అంతంత మాత్రమే. ఇటువంటి వారిని అసలు తీసుకుంటారా? తీసుకున్నా, ఏడాదిపాటు గుమాస్తా పని చేసి బయటపడతానేమో అన్న అనుమానం నన్ను వెనక్కి లాగుతోంది. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం 1 (పీహెచ్‌డీ విద్యార్థిని, సహాయకులకు శిక్షణ ఇస్తుంటాను)

మొదట "కోడింగ్" అన్న మాట గురించి చెబుతాను, ఎందుకంటే ప్రతి ఏడాదీ ఇద్దరు ముగ్గురు ఇదే భయంతో దరఖాస్తు పెట్టడం మానుకుంటున్నారు. ప్రవర్తనా పరిశోధనలో కోడింగ్ అంటే ప్రోగ్రామింగ్ కాదు. వీడియోలో కనిపించిన ప్రవర్తనను ముందే రాసి పెట్టుకున్న నిర్వచనాల ప్రకారం గుర్తించి, ఏ క్షణంలో ఏది జరిగిందో నమోదు చేయడం. వినడానికి చాలా తేలికగా ఉంటుంది. "పిల్లవాడి దృష్టి పని మీది నుండి మళ్లింది" అని మీరు రాస్తే, దృష్టి మళ్లడం అంటే ఏమిటని నేను అడుగుతాను. కళ్లు కాగితం మీది నుండి పక్కకు వెళితే చాలా, ఎంతసేపు వెళ్లాలి, ఆలోచిస్తూ పైకప్పు వైపు చూస్తే అది కూడా లెక్కలోకి వస్తుందా? "వరుసగా మూడు సెకన్లు కళ్లు కాగితం మీద లేకపోతే" అని గీత గీసుకున్న తరువాతే అది కొలవదగిన ప్రవర్తన అవుతుంది. ఆ గీత ఎక్కడ గీయాలన్న వాదనలోనే సగం మనోవిజ్ఞాన శాస్త్రం ఉందని నా అభిప్రాయం.

ఒకే వీడియోను ఇద్దరు విడివిడిగా కోడ్ చేస్తారు, తరువాత వారి మధ్య ఏకాభిప్రాయం ఎంతో చూస్తాము. మా రంగంలో 80 శాతం ఏకీభావం ఉంటే సరిపోతుందన్నది చాలాకాలంగా ఉన్న వాడుక, కానీ ఆ అంకె ఒక్కోసారి మోసం చేస్తుంది. వీడియోను చిన్న చిన్న సమయ భాగాలుగా విడదీసి చూస్తే, ఒక ప్రవర్తన నూటికి 90 భాగాలలో కనిపిస్తోందనుకోండి. ఇద్దరు కోడర్లు వీడియో చూడకుండానే గుడ్డిగా నూటికి 90 సార్లు "ఉంది" అని రాసినా, కేవలం యాదృచ్ఛికంగా 82 శాతం ఏకీభావం వస్తుంది. ఈ లోపాన్ని సరిచేయడానికే 1960లో మనోవిజ్ఞాని జేకబ్ కోహెన్ కప్పా అనే కొలమానాన్ని ప్రతిపాదించారు. యాదృచ్ఛికంగా వచ్చే ఏకీభావాన్ని పక్కన పెట్టి మిగిలినదాన్ని అది కొలుస్తుంది, 1 అంటే పూర్తి ఏకీభావం. పై ఉదాహరణలో ఇద్దరి ఏకీభావం 85 శాతం ఉన్నా, కప్పా విలువ సుమారు 0.17 మాత్రమే వస్తుంది, అంటే ఆ కోడింగ్ దాదాపు పనికిరానిదే. గణాంకాలలో మార్కులు తక్కువని మీరు రాశారు కాబట్టి చెబుతున్నాను, తరగతిలో తలకెక్కని ఈ లెక్క నా సొంత కోడింగ్ తప్పిన రోజున ఐదు నిమిషాలలో అర్థమైంది.

సెషన్లు నడపడం మరో రకమైన క్రమశిక్షణ. రాసిచ్చిన సూచనలను అక్షరం మారకుండా, ప్రతి ఒక్కరికీ ఒకే స్వరంతో చదవాలి. ఇది చాదస్తంలా అనిపిస్తే, మనోవిజ్ఞాన పరిశోధకులు రోసెంథాల్, ఫోడ్ 1963లో ప్రచురించిన ప్రయోగం గుర్తుచేసుకోండి. వారు కొందరు విద్యార్థులకు తెలివైన జాతి ఎలుకలని, మరికొందరికి మందబుద్ధి జాతివని చెప్పి ఇచ్చారు. నిజానికి ఆ ఎలుకల మధ్య అటువంటి తేడా ఏదీ లేదు. అయినా "తెలివైన" ఎలుకలే దారి బాగా నేర్చుకున్నట్లు ఫలితాలు వచ్చాయి. అందులో ప్రయోగం నడిపినవారు మీవంటి విద్యార్థులేనని నేను కొత్తవారికి తప్పకుండా చెబుతాను.

సమాధానం 2 (గతంలో సహాయకునిగా పనిచేసినవాడిని)

పై సమాధానంతో నాకు పేచీ లేదు కానీ, అన్ని ల్యాబులూ అలా నేర్పవు. నేను పనిచేసిన చోట ఒక సెమిస్టర్ మొత్తం ప్రశ్నావళులను స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించడం, రేపు రావాలని పాల్గొనేవారికి ఫోన్ చేసి గుర్తుచేయడం తప్ప మరొకటి చేయలేదు. పరికల్పన, అంటే ఆ అధ్యయనం పరీక్షిస్తున్న ఊహ, ఏమిటో నాకు చెప్పలేదని మొదట్లో అలిగాను. అది నా పక్షపాతం డేటాలోకి రాకుండా కావాలని చేసిన ఏర్పాటని తరువాత తెలిసింది, దానిని తప్పు పట్టను. డేటా సేకరణ ముగిశాక కూడా ఎవరూ కూర్చోబెట్టి చెప్పకపోవడమే నా ఫిర్యాదు.

కాబట్టి ఇంటర్వ్యూలో మీరు కూడా కొన్ని అడగండి. వారపు ల్యాబ్ సమావేశాలకు డిగ్రీ విద్యార్థులను రానిస్తారా, రోజువారీ పని ఎవరు చూస్తారు, ఒక సెమిస్టర్ తరువాత పని మారుతుందా, ఇంతకుముందు పనిచేసిన ఒకరితో మాట్లాడవచ్చా అన్నవి చాలు. చివరిదానికి తటపటాయిస్తే నేనైతే చేరను. వ్యాసంలో రచయితగా పేరు వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నీతి నియమావళి ప్రకారం రచయిత హోదా గణనీయమైన వైజ్ఞానిక తోడ్పాటుకు దక్కుతుంది, చిన్నపాటి సాయానికి కృతజ్ఞతల్లో ప్రస్తావన చాలు. డేటా ఎక్కించడం ఒక్కటే సాధారణంగా రెండవ కోవలోకి వస్తుంది.

జీతం లేని 10 గంటలు అందరికీ సాధ్యమయ్యేవి కావన్నది కూడా చెప్పి తీరాలి. చదువుకుంటూ పని చేసుకోక తప్పని విద్యార్థికి ఈ తలుపు సగం మూసి ఉన్నట్లే. జీతం ఇచ్చే స్థానాలు ఉన్నాయేమో విభాగంలో నేరుగా అడగండి, అడగడంలో నామోషీ ఏమీ లేదు.

సమాధానం 3 (ల్యాబ్ నడిపే అధ్యాపకురాలిని)

దరఖాస్తులు చదివే వైపు నుండి కొంచెం చెబుతాను. నాకు వచ్చే ఉత్తరాలలో ఎక్కువ భాగం "మీ పరిశోధన అంటే నాకు ఎంతో ఆసక్తి" అని మొదలై, ఏ పరిశోధనో చెప్పకుండానే ముగుస్తాయి. ల్యాబ్ నుండి ఇటీవల వచ్చిన ఒక వ్యాసం తీసుకుని, ఫలితాలకన్నా ముందు పద్ధతుల భాగం చదవండి. అందులో అర్థం కానిది ఒకటి ఉత్తరంలో అడగండి. దానితోపాటు మీ తరగతుల సమయపట్టిక, ఏయే గంటలు ఖాళీయో రాయండి. సెషన్ ఉన్న రోజున సహాయకుడు రాకపోతే ఆ పాల్గొనే వ్యక్తి మళ్లీ దొరకడు, అందుకే మార్కులకన్నా సమయపాలననే నేను ముందు చూస్తాను.

చేరిన వెంటనే డేటా చేతికి ఇవ్వరు. మనుషులతో చేసే పరిశోధనకు నైతిక సమీక్ష సంఘం అనుమతి ఉండాలి, అందులో పనిచేసేవారు నైతిక శిక్షణ పూర్తి చేయాలి. విషయమంతా తెలుసుకుని ఇచ్చే సమ్మతి, ఎప్పుడైనా మానుకునే స్వేచ్ఛ, గోప్యత అక్కడ నేర్పుతారు. పాల్గొనేవారిలో మీ సహాధ్యాయులు కూడా ఉండవచ్చు. వారి జవాబులు గది దాటకూడదు.

మరొకటి, తప్పు జరిగితే అదే రోజు చెప్పండి. 2015లో వెలువడిన ఒక పెద్ద ఉమ్మడి ప్రయత్నంలో 100 మనోవిజ్ఞాన అధ్యయనాలను తిరిగి చేసి చూస్తే, సుమారు 36 శాతం మాత్రమే గణాంకపరంగా నిలబడ్డాయి. అప్పటి నుండి పరికల్పనను, విశ్లేషణ పద్ధతిని ముందే నమోదు చేయడం పెరిగింది. సూచనల్లో ఒక వాక్యం వదిలేశానని నోట్ రాసిన సహాయకుడిని నేను పోగొట్టుకోను, దాచిపెట్టినవాడి డేటా మొత్తాన్ని పక్కన పెట్టవలసి వస్తుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. ఆ ల్యాబ్ వ్యాసం ఒకటి తీసి చదివాను. ఇద్దరు కోడర్ల మధ్య ఏకీభావం 88 శాతం అని రాశారు కానీ, కప్పా విలువ ఇవ్వలేదు. ఉత్తరంలో ఇది అడిగితే తప్పు పట్టినట్లు అనుకుంటారేమో?

సమాధానం 3 రాసిన అధ్యాపకురాలు

అనుకోరు. "ఆ ప్రవర్తన ఎంత తరచుగా కనిపించింది, కప్పా లెక్కించారా" అని రెండు వాక్యాలలో అడగండి. నా ల్యాబ్‌కు అటువంటి ఉత్తరం వస్తే ఆ రోజే ఇంటర్వ్యూకు పిలుస్తాను.